మూలికల పరీక్షలో మిల్లీమీటర్లు కాదు, మైక్రోగ్రాములు అడగండి

సంపాదకులకు నమస్కారం.

తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో తరచూ కనబడే వార్త ఒకటుంది. ఫలానా కళాశాల పరిశోధక విద్యార్థి ఒక ఆకు సారంతో మందులకు లొంగని బ్యాక్టీరియాను చంపారని, త్వరలో కొత్త యాంటీబయాటిక్ రాబోతోందని. పక్కనే పెట్రీ ప్లేటులో సారం చుట్టూ బ్యాక్టీరియా పెరగని గుండ్రటి ఖాళీ వలయాల ఫొటో. ఆ విద్యార్థి శ్రమ నిజమైనదే, మొక్కా మంచిదే కావచ్చు. కానీ ఆ వలయం నుంచి ఎంత తెలుస్తుందో చూడకుండా పెట్టే శీర్షికల వల్ల రెండు నష్టాలు జరుగుతున్నాయి. డాక్టరు రాసిన కోర్సు మధ్యలో ఆపేసి కషాయం మొదలుపెట్టే రోగులు ఉన్నారు. ఇది అందరికీ తెలిసిన నష్టం. ఆ మొక్క మీద అసలు చేయాల్సిన పని చేయకముందే దాని సంగతి తేలిపోయిందనుకుని వదిలేయడం రెండోది. దీని గురించి ఎవరూ మాట్లాడరు, కాబట్టి ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాం.

2019 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమని 2022లో లాన్సెట్ ప్రచురించిన అంచనా. మూలికల వైపు చూడాల్సిన అవసరం ఎంతైనా ఉంది. చూసే పద్ధతి గురించే మా బాధ.

ముందు వలయం లెక్క. అగర్‌లో (బ్యాక్టీరియాను పెంచే జెల్లీలో) 6 మిల్లీమీటర్ల గుంట తీసి, మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల సారం కలిపిన ద్రావణం 100 మైక్రోలీటర్లు అందులో పోయడం మన ప్రయోగశాలల్లో మామూలు. అంటే ఒక్క గుంటలో పడింది 5,000 మైక్రోగ్రాములు. పోలిక కోసం పక్కన పెట్టే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ డిస్క్‌లో (మందు అద్దిన కాగితపు బిళ్లలో) ఉండేది 5 మైక్రోగ్రాములు. వెయ్యి రెట్ల తేడా. సారానికి 18 మిల్లీమీటర్లు, సిప్రోకు 12 వచ్చాయని, కాబట్టి మూలికే మెరుగని రాసేస్తారు. సిప్రోకు లొంగదని తెలిసే ఆ బ్యాక్టీరియాను ఎంచుకున్నప్పుడు సిప్రో వలయం చిన్నదిగా రావడంలో కొత్తేముంది? ఇంకో వైపు నుంచి చూస్తే, సారంలో వందలాది పదార్థాలు కలిసి ఉంటాయి. పనిచేసేది నూటికి ఒక పాలు కూడా ఉండకపోవచ్చు. శుద్ధమైన మందు పక్కన దాన్ని నిలబెట్టడం మూలికకూ న్యాయం కాదు.

వలయం పెద్దదైతే శక్తి ఎక్కువన్న నమ్మకమే అసలు చిక్కు. వలయం సైజు పదార్థం బలం మీద ఎంత ఆధారపడుతుందో, అది అగర్‌లో ఎంత దూరం పాకగలదన్న దాని మీదా అంతే ఆధారపడుతుంది. చిన్నవి, నీళ్లలో కరిగేవి దూరం పాకుతాయి. నూనె గుణం ఉన్నవి, పెద్ద అణువులు గుంట అంచునే ఆగిపోతాయి. హెక్సేన్ (నూనె గుణం ఉన్న పదార్థాలను తీసే ద్రావకం) సారానికి వలయం రాలేదని చెత్తబుట్టలో వేసిన విద్యార్థి బహుశా తన దగ్గరున్న అన్నిటికన్నా మంచి సారాన్నే పారేసి ఉండొచ్చు. యాంటీబయాటిక్‌లకూ ఈ ఇబ్బంది తప్పలేదు. చివరి అస్త్రంగా వాడే కొలిస్టిన్ అణువు పెద్దది, అగర్‌లో సరిగా పాకదు. అందుకే దానికి మామూలు డిస్క్ పరీక్ష పనికిరాదని, బ్రాత్‌లోనే (ద్రవ పోషకంలోనే) చూడాలని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా మీద వాంకోమైసిన్ అనే మందుకు కూడా డిస్క్‌ను నమ్మరు. ఆస్పత్రి ల్యాబ్ ఒక్క శుద్ధ మందుకే నమ్మని పద్ధతిని వంద పదార్థాల మిశ్రమానికి నమ్మడం ఎలా?

అయినా ప్లేటు పద్ధతిని పూర్తిగా మానేయమనడం లేదు. మొదటి వడపోతకు పనికొస్తుంది, కొలతలు పాటిస్తే. ముల్లర్ హింటన్ అగర్ మందం 4 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే 90 మిల్లీమీటర్ల ప్లేటుకు దాదాపు 25 మిల్లీలీటర్లు. అగర్ మిగల్చాలని 15 మిల్లీలీటర్లే పోస్తే వలయం దానంతటదే పెరుగుతుంది. పీహెచ్ 7.2 నుంచి 7.4 మధ్య ఉండాలి. కల్చర్‌ను (పెంచిన బ్యాక్టీరియాను) 0.5 మెక్‌ఫర్లాండ్ గాఢతకు, అంటే మిల్లీలీటరుకు సుమారు 15 కోట్ల కణాలకు తెచ్చి, 15 నిమిషాల్లోపు స్వాబ్‌తో మూడు దిక్కుల్లో పూయాలి. కంటి అంచనాతో పలచగా పూస్తే అప్పుడూ వలయం పెద్దదే వస్తుంది. పొరపాట్లలో చాలా భాగం వలయాన్ని పెంచేవే కావడం వల్ల ఎవరికీ అనుమానం రాదు. ఇక మిథనాల్‌లో కరిగించిన సారాన్ని ఆరనివ్వకుండా గుంటలో పోస్తే కనబడే వలయంలో మిథనాల్ వాటా ఎంతో తెలియదు. ఉత్త మిథనాల్ పోసిన గుంట అదే ప్లేటులో లేకపోతే ఆ ఫొటోను ప్రచురించకండి.

అసలు చేయాల్సింది ఎంఐసీ పరీక్ష. బ్యాక్టీరియా పెరుగుదలను ఆపడానికి కావాల్సిన కనీస గాఢత ఎంతో చెప్పే పరీక్ష ఇది. ఇది ఖరీదైనదని, పెద్ద సంస్థలకే సాధ్యమని కళాశాలల్లో ఒక అపోహ ఉంది. 96 గుంటల ప్లాస్టిక్ ప్లేటు, మల్టీచానల్ పైపెట్, ఇంక్యుబేటర్ ఉంటే చాలు.

సారాన్ని డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున కరిగించి స్టాక్ పెట్టుకోవాలి. దాన్ని ముల్లర్ హింటన్ బ్రాత్‌లో 50 రెట్లు పలచన చేస్తే మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాములు వస్తుంది. వరుసలో మొదటి గుంటలో ఇది 100 మైక్రోలీటర్లు, రెండు నుంచి ఎనిమిది వరకు ఉత్త బ్రాత్ 50 మైక్రోలీటర్లు. మొదటి దాంట్లోంచి 50 తీసి రెండో దాంట్లో కలిపి, అక్కడి నుంచి 50 మూడో దాంట్లోకి, అలా ఎనిమిదో గుంట దాకా వెళ్లి చివరి 50 పారేయాలి. ప్రతి గుంట మార్పుకూ టిప్ మార్చాలి. మార్చకపోతే టిప్ గోడలకు అంటుకున్న జిడ్డు సారం కింది గుంటల్లోకి చేరి ఎంఐసీ ఉన్నదానికన్నా తక్కువగా కనబడుతుంది. మెక్‌ఫర్లాండ్‌కు తెచ్చిన కల్చర్‌ను బ్రాత్‌లో 150 రెట్లు పలచన చేసి గుంటకు 50 మైక్రోలీటర్లు కలిపితే, చివరికి మిల్లీలీటరుకు 5 లక్షల కణాలు ఉంటాయి. సారం గాఢత 1,000 మైక్రోగ్రాముల నుంచి సగం సగం తగ్గుతూ 7.8 దాకా వస్తుంది. మొదటి గుంటలో డీఎంఎస్‌ఓ ఒక శాతమే ఉంటుంది. అంతకు మించి పోనివ్వకూడదు. 5 శాతం దాటితే డీఎంఎస్‌ఓయే బ్యాక్టీరియాను అణచడం మొదలుపెడుతుంది.

వరుసలోని పన్నెండింటిలో మిగిలిన నాలుగు గుంటలే, అంటే కంట్రోల్ గుంటలే, ఈ పరీక్షకు ప్రాణం. తొమ్మిదోది బ్రాత్, బ్యాక్టీరియా. పదోది ఉత్త బ్రాత్. పదకొండోది ఒక శాతం డీఎంఎస్‌ఓతో బ్యాక్టీరియా. పన్నెండోది బ్యాక్టీరియా లేకుండా అత్యధిక గాఢతలో సారం. ఈ చివరి గుంటను చాలామంది వదిలేస్తారు. మూలిక సారం నీళ్లలో పడగానే తరచూ విరిగి మసకబారుతుంది. అది సారం మసకో బ్యాక్టీరియా మసకో ఈ గుంట లేకుండా చెప్పలేం. 35 డిగ్రీల వద్ద 18 గంటలు ఉంచాక 0.015 శాతం రెసాజురిన్ అనే నీలి రంగు 30 మైక్రోలీటర్లు కలిపి, ఇంకో రెండు నుంచి నాలుగు గంటలు ఆగితే, బతికున్న బ్యాక్టీరియా నీలాన్ని గులాబీ రంగుకు మారుస్తుంది. ఉసిరి లాంటి యాంటీ ఆక్సిడెంట్లు మెండుగా ఉన్న సారాలు బ్యాక్టీరియా లేకుండానే ఈ రంగును మార్చగలవు. పన్నెండో గుంట గులాబీ అయిందంటే ఆ వరుసలో రంగును నమ్మకూడదు, ప్రతి గుంట నుంచి 10 మైక్రోలీటర్లు అగర్ మీద చుక్క పెట్టి కాలనీలు లెక్కపెట్టుకోవాలి. ఐదు లక్షల్లో 99.9 శాతం చచ్చిపోతే మిల్లీలీటరుకు 500 మిగలాలి, అంటే ఆ చుక్కలో ఐదుకు మించి కాలనీలు రాకూడదు. అప్పుడే చంపిందని చెప్పగలం. అంతకు ముందు పెరగకుండా ఆపిందని మాత్రమే చెప్పగలం. అంచు గుంటలు ఆవిరై గాఢత మారకుండా ప్లేటును తడి గుడ్డ వేసిన డబ్బాలో పెట్టాలి.

ఈ లెక్కలో పన్నెండో గుంటతో కలిపి ఒక వరుసకు ఖర్చయ్యే సారం 300 మైక్రోగ్రాములు. పది రకాల బ్యాక్టీరియా మీద మూడేసి సార్లు చేసినా 9 మిల్లీగ్రాములు. అగర్‌లో ఒక్క గుంటకే 5 మిల్లీగ్రాములు పోస్తున్నాం. అరుదైన మొక్కలతో పనిచేసేవాళ్లకు అడవిలో మొక్కలు మిగిలించే పద్ధతి కూడా ఇదే.

వచ్చిన అంకెను ఎలా చదవాలి? ఈ రంగంలో స్థూలంగా ఒప్పుకున్న కొలమానం ఉంది. సారానికి ఎంఐసీ మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల లోపు వస్తే లోతుగా వెళ్లదగిన మొక్క. 1,000 దాటితే వదిలేయవచ్చు. మన దగ్గర వార్తలకెక్కే వాటిలో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు, 25 మిల్లీగ్రాములు అని రాసినవీ ఉంటాయి. అది 10,000, 25,000 మైక్రోగ్రాములన్నమాట. పెద్ద మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం. అందులో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు నిలవాలంటే 50 గ్రాముల సారం మొత్తం రక్తంలోకి చేరాలి. పొడిలో పదో వంతు సారంగా వస్తుందనుకుంటే అర కిలో ఎండుటాకు. తాగినదంతా రక్తంలోకి చేరదు, చేరినది అక్కడే ఉండదు. పుండు మీద పూసే లేపనానికైతే లెక్క వేరు, అక్కడ ఎక్కువ గాఢత సాధ్యమే. ఆ తేడా వార్తలో రాయాలి.

ఇక మనల్ని మోసం చేసే పదార్థాలు. కరక్కాయ, తానికాయ, దానిమ్మ తొక్క, తుమ్మ బెరడు, జామాకు. వీటిలో టానిన్లు దండిగా ఉంటాయి. టానిన్ దొరికిన ప్రొటీన్‌నల్లా పట్టి ముద్ద చేస్తుంది. బ్యాక్టీరియా ఎంజైములైనా, బ్రాత్‌లోని పోషకాలైనా దానికి ఒకటే. వలయాలు అద్భుతంగా వస్తాయి. సారాన్ని పాలీవినైల్ పాలీపైరోలిడోన్‌తోనో జెలటిన్‌తోనో కలిపి టానిన్ తీసేసి మళ్లీ చూడాలి. పనితనం అంతా పోతే అది టానిన్ పనే. వగరు కషాయంతో నోరు పుక్కిలించడానికి, పుండు కడగడానికి అది ఉపయోగమే, రక్తంలో ఇన్ఫెక్షన్‌కు మాత్రం దారి కాదు. పులుపు సారాలకు ఇంకో ముప్పు. చింతపండు, ఉసిరి, నిమ్మజాతి సారాలు బ్రాత్ పీహెచ్‌ను దించేస్తాయి, బ్యాక్టీరియా ఆమ్లానికే ఆగిపోతుంది. పీహెచ్ కాగితం ముంచి చూసి, 7.2కు సరిచేసి మళ్లీ పెట్టడానికి పది నిమిషాలు పడుతుంది. కుంకుడుకాయలో ఉన్న సపోనిన్లు కణాల పొరనే చీలుస్తాయి. బ్యాక్టీరియా పొరను, మన ఎర్ర రక్త కణం పొరను అవి వేరుగా చూడవు. అందుకే ఎంఐసీతోపాటు గొర్రె రక్తకణాల మీదో వీరో కణాల (ప్రయోగశాలలో పెంచే కోతి మూత్రపిండ కణాల) మీదో విషప్రభావం చూడడం తప్పనిసరి. సగం కణాలను చంపే గాఢత ఎంఐసీకి కనీసం పది రెట్లు ఉంటే ముందుకు వెళ్లవచ్చు. పసుపులోని కర్కుమిన్ సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. నీళ్లలో దాదాపు కరగదు, నిలవ ఉండదు, రంగు, మెరుపు రెండూ రీడింగులను చెడగొడతాయి. పరీక్షలన్నిట్లో పనిచేసినట్టు కనబడి చివరికి మందు కాలేకపోయిన పదార్థాలకు అదే పాఠ్యపుస్తక ఉదాహరణ అయింది. పసుపు మీద మనకున్న మమకారం వల్ల ఈ మాట చెప్పడం కష్టంగానే ఉంటుంది.

మొక్క దగ్గరే తప్పు జరిగితే పైవన్నీ వృథా. మూలికల అంగట్లో శంఖపుష్పి అడిగితే ఒకచోట విష్ణుక్రాంత, ఇంకోచోట శంఖుపూల తీగ ఇస్తారు. మానుపసుపు పేరుతో దక్షిణాదిన దొరికే కట్టె చాలాసార్లు హిమాలయాల దారుహరిద్ర కాదు, కోసినియం అనే వేరే తీగ. నేల ఉసిరి కట్టలో రెండు మూడు జాతులు కలిసి ఉంటాయి. పువ్వో కాయో ఉన్న కొమ్మను కాగితాల మధ్య ఆరబెట్టి, సేకరించిన చోటు, తేదీ రాసి హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల భాండాగారంలో) నంబరు వేయించాలి. హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది, విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర శాఖలున్నాయి. నంబరు లేని మొక్క మీద చేసిన పనిని ఎవరూ తిరిగి చేయలేరు. నీడలో, 40 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టి, పొడి ఒక పాలు, సాల్వెంట్ పది పాళ్లు కలిపి రెండు మూడు రోజులు ఊపుతూ నానబెట్టడం మేలు. సాక్స్‌లెట్ అనే పరికరంలో గంటలకొద్దీ మరిగిస్తే దిగుబడి పెరుగుతుంది, వేడికి తట్టుకోలేని పదార్థాలు పోతాయి. చైనా శాస్త్రవేత్త టు యుయు మాచిపత్రి జాతి మొక్క నుంచి మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ను పట్టుకోగలిగింది మరిగించడం మానేసి తక్కువ వేడిలో ఈథర్‌తో తీయడం వల్లే. 2015లో నోబెల్ తెచ్చిన ఆ పని మలుపు తిరిగింది సాల్వెంట్ దగ్గర, ఉష్ణోగ్రత దగ్గర.

బ్యాక్టీరియా విషయంలోనూ ఇంతే స్పష్టత కావాలి. ఆస్పత్రి నుంచి వచ్చిన ప్రతి కల్చరూ మొండిది కాదు. మూడు లేదా అంతకు మించిన యాంటీబయాటిక్ తరగతుల్లో ఒక్కో మందుకైనా లొంగకపోతేనే బహుళ నిరోధకత అంటారు. ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్‌కు లొంగని స్టెఫిలోకాకస్) అని రాసే ముందు 30 మైక్రోగ్రాముల సిఫాక్సిటిన్ డిస్క్ చుట్టూ 21 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా తక్కువ వచ్చిందని చూపించాలి. ప్రతి ప్లేటు పక్కనా ఒక ప్రామాణిక జాతి ఉండాలి. ఈ-కోలై ఏటీసీసీ 25922 మీద జెంటామైసిన్ ఎంఐసీ 0.25 నుంచి 1 మైక్రోగ్రాము మధ్య రాకపోతే ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పెట్టాల్సిందే. మొక్కల పదార్థాలు ఎక్కువగా ఎంఆర్‌ఎస్‌ఏ లాంటి గ్రామ్ పాజిటివ్‌ల (బయటి అదనపు పొర లేని బ్యాక్టీరియా) మీదే పనిచేస్తాయి. మన ఐసీయూలను నిజంగా భయపెడుతున్న క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్‌లకు బయట అదనపు పొర ఉంది, లోపలికి వచ్చినదాన్ని బయటికి తోసే పంపులున్నాయి. స్టెఫిలోకాకస్ మీద వచ్చిన ఫలితాన్ని చూసి మొండి బ్యాక్టీరియా అన్నిటికీ మందు అని రాయడం ఇందుకే తప్పు.

ఆ పంపుల దగ్గరే మూలికల మీద మాకు గట్టి ఆశ ఉంది. దారుహరిద్ర జాతి మొక్కల్లో బెర్బెరిన్ ఉంటుంది. స్టెఫిలోకాకస్ దాన్ని నార్-ఏ అనే పంపుతో బయటికి నెట్టేస్తుంది. ఆ కుటుంబంలోని కొన్ని అమెరికన్ మొక్కల్లోనే మెథాక్సీహిడ్నోకార్పిన్ అనే ఇంకో పదార్థం ఉందని, అది ఆ పంపును అడ్డుకుంటుందని 2000లో తేలింది. ఒంటరిగా దానికి బ్యాక్టీరియాను ఆపే శక్తి లేదు. ప్లేటు మీద పెడితే వలయమే రాదు, మన పద్ధతిలో అయితే పారేసేవాళ్లం. మిరియాల్లోని పైపరిన్ కూడా సిప్రోఫ్లాక్సాసిన్‌తో కలిసినప్పుడు స్టెఫిలోకాకస్ మీద ఆ మందు పనిని పెంచుతుందని 2006లో జమ్మూ శాస్త్రవేత్తలు చూపించారు. కాబట్టి ఒంటరి ఎంఐసీ దగ్గర ఆగకుండా 96 గుంటల ప్లేటులోనే ఒక వైపు యాంటీబయాటిక్, రెండో వైపు సారం పలచన చేస్తూ చెకర్‌బోర్డ్ పరీక్ష చేయాలి. ఉదాహరణకు సిప్రో ఎంఐసీ 16 నుంచి 2కు, సారం ఎంఐసీ 512 నుంచి 128కి దిగితే, రెండు భిన్నాలు 0.125 (16లో 2), 0.25 (512లో 128), కలిపితే మొత్తం 0.375. ఇది 0.5 లేదా అంతకన్నా తక్కువైతేనే కలిసి పనిచేస్తున్నాయని అర్థం. 0.5 నుంచి 4 మధ్య వచ్చినదాన్ని కూడా సినర్జీ అని రాసేస్తున్నారు, అది సరికాదు.

మీ విలేకరులకు మా విన్నపం ఇది. ఇలాంటి వార్త వచ్చినప్పుడు ఎంఐసీ ఎన్ని మైక్రోగ్రాములని, ఏ జాతి బ్యాక్టీరియా మీదని, మనుషుల లేదా జంతువుల కణాల మీద విషప్రభావం చూశారా అని అడిగి, జవాబులు వార్తలోనే వేయండి. జవాబు రాకపోతే "ప్రాథమిక పరీక్ష" అని శీర్షికలోనే రాయండి. డాక్టరు రాసిన యాంటీబయాటిక్‌ను ఆపవద్దన్న వాక్యం ప్రతిసారీ ఉండాలి. విశ్వవిద్యాలయాల పరిశోధక మండళ్లు ఎంఐసీ, కంట్రోల్ గుంటలు, హెర్బేరియం నంబరు లేని సిద్ధాంత గ్రంథాలను తిప్పి పంపాలి. ప్రామాణిక జాతులు చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల భాండాగారం ఎంటీసీసీ నుంచి తెప్పించుకోవచ్చు. నిరోధకత నిర్ధారించిన స్థానిక జాతులను వైద్య కళాశాలల మైక్రోబయాలజీ విభాగాలు, నైతిక కమిటీ అనుమతితో, డిగ్రీ, పీజీ కళాశాలల పరిశోధకులకు ఇచ్చే ఏర్పాటును రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు చేయాలి.

ఇవ్వడంతోపాటు ఒక షరతు కూడా పెట్టాలి. ఎంఆర్‌ఎస్‌ఏ, క్లెబ్సియెల్లా పెంచిన ప్లేట్లను కొన్ని కళాశాలల్లో సింకులో కడిగేస్తున్నారు, మామూలు చెత్తలో వేస్తున్నారు. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం ప్రయోగశాల కల్చర్లను అక్కడికక్కడే నిర్జీవం చేసి పంపాలి. వాడిన ప్లేట్లను ఆటోక్లేవ్ (ఒత్తిడిలో ఆవిరితో క్రిములను చంపే యంత్రం) సంచిలో మూతి వదులుగా కట్టి 121 డిగ్రీల వద్ద కనీసం 60 నిమిషాలు ఉంచాలి. మూతి బిగించి కడితే ఆవిరి లోపలికి పోదు, మధ్యలో ఉన్న ప్లేట్లు పచ్చిగానే మిగులుతాయి. ఆటోక్లేవ్ పనిచేయని కళాశాలకు కల్చర్ ఇవ్వకూడదు.

— ఔషధ మొక్కలపై పనిచేసే సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకులు, హనుమకొండ